ఇంట్లోనే ఉండిపోయే అల్లిక

పాలకొల్లు,
డిసెంబరు 29

చిన్నారులిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం చేరింది. ఢిల్లీలో చలి సెలవులు మొదలవుతున్నాయనీ, ఇంట్లో కూర్చుంటే బయట ఎండలో కంటే ఎక్కువ వణుకు పుడుతోందనీ రాశారు. ఆ మొజాయిక్ నేల సంగతి నాకు తెలియనిది కాదు. అక్కడి ఇళ్లు మే నెల ఎండను తట్టుకోవడానికి కట్టినవి. జనవరిలో ఆ గోడలే రాత్రి చలిని పట్టుకుని మధ్యాహ్నందాకా వదలవు. అందుకే అక్కడ వీధిలోకి వెళ్లడానికి ఒక కోటు, ఇంట్లో తిరగడానికి వేరొకటి కావాలి. ఇంట్లోది బరువుగా ఉండకూడదు, చేతులు పైకెత్తితే పట్టేయకూడదు, దాంతోనే సోఫాలో ముడుచుకుని నిద్రపోగలగాలి.

నేను అల్లిన గోధుమరంగు కోటు కోసం రోజూ పోట్లాడుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంకొకటి అల్లి పంపమని అడిగారు. పంపను, తల్లీ. నా వేళ్లు ఇంకా బాగానే ఆడుతున్నాయి. కానీ నేను సూది పట్టింది పదో ఏట, మీకూ ఆ వయసు వచ్చింది. ఎలా అల్లాలో విడమరచి రాస్తాను, మీరే అల్లుకోండి.

ముందు ఆ సూది మన ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు నూలు దారంతో లేసు అల్లడం 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వల్ల మొదలైంది. మా అమ్మ, పెద్దమ్మ, ఎదురింటి అత్తయ్య, అందరూ మధ్యాహ్నం వంటలయ్యాక అరుగు మీద చేరేవారు. ఒకరు పువ్వులు అల్లితే, ఒకరు అంచులు అల్లేవారు. విడివిడి పువ్వులను కలిపి బల్లగుడ్డగా చేయడాన్ని అతుకుపని అనేవాళ్లం. మా అమ్మది అతుకుపని. ఆమె కలిపిన చోటు వేలితో తడిమినా తెలిసేది కాదు. అల్లిన లేసు ఏజెంటు చేతికి వెళ్లి, అక్కడి నుంచి ఓడెక్కి యూరప్‌కో అమెరికాకో పోయేది. ఎవరి బల్ల మీద పరిచారో మాకు తెలియదు. కళ్లు మసకబారేలా అల్లితే చేతికొచ్చేది చాలా తక్కువ. మా ఇంట్లో మాత్రం అమ్మ అల్లిన జానెడు లేసు కూడా ఉండేది కాదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివిన రోజు, అమ్మ ఉంటే బాగుండుననిపించి చాలాసేపు ఆ పేజీ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

1974లో పెళ్లయి ఢిల్లీ వచ్చినప్పుడు నా పెట్టెలో ఆ సన్నటి ఉక్కు సూది ఉంది. ఆర్కేపురం క్వార్టర్స్‌లో చలికాలం వచ్చిందంటే ఆడవాళ్లంతా మంచాలు ఎండలోకి లాగి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ స్వెటర్లు అల్లేవారు. వాళ్లవి రెండు పొడుగు సూదులు, నాది కొక్కెమున్న ఒకే సూది, క్రోషే సూది అంటారే అది. పక్కింటి పంజాబీ అక్కయ్య నా సూది చూసి, దీంతో ఉన్ని అల్లలేవని చెప్పి, లావుపాటి కొక్కెం సూది తెచ్చి చేతిలో పెట్టింది. ఆ చలికాలం నేను అల్లిన మొదటి స్వెటర్ భుజాల దగ్గర బిగుసుకుపోయింది. విప్పేశాను. కొక్కెం అల్లికలో ఉన్న సుఖం అదే. కుట్టు పూర్తయ్యేసరికి సూది మీద ఒక్క ఉచ్చే మిగులుతుంది కాబట్టి, దారం కొస పట్టుకుని లాగితే అంతా తిరిగి ఉండలోకి వచ్చేస్తుంది. రెండు సూదుల అల్లికలో వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి, ఒకటి జారితే నిచ్చెన మెట్లలా కిందిదాకా ఊడుతుంది. కాబట్టి తప్పు చేస్తామేమోనన్న భయం మీకు అక్కర్లేదు. విప్పిన ఉన్ని వంకర్లు తిరిగి ఉంటుంది, ఒకసారి తడిపి ఆరేస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఉన్ని సంగతి. లూధియానా నుంచి వచ్చే ఉండలు మీ వీధి చివర దుకాణంలోనే దొరుకుతాయి. అక్కడ ఉన్ని అని అమ్మేదంతా గొర్రె ఉన్ని కాదు, ఎక్కువ భాగం యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. చీటీ మీద చదివి కొనండి. యాక్రిలిక్ చవక, ఉతకడం తేలిక, ఒంటికి గుచ్చుకోదు. కానీ నిప్పు తగిలితే అంటుకుంటుంది, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. గొర్రె ఉన్ని అంత తొందరగా అంటుకోదు, నిప్పు తీసేస్తే మాడి ఆగిపోతుంది. ఇది ఇంట్లో వేసుకునే కోటు, ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంటుంది, చలికి రూము హీటర్ ముందు కూర్చుంటారు. అందుకే నేను గొర్రె ఉన్నే వాడమంటాను. ఖర్చు ఎక్కువైతే సగం సగం కలిసినది తీసుకోండి. ఏది తీసుకున్నా పొయ్యి దగ్గరికి వెళ్లేటప్పుడు కోటు చేతులు మోచేతి పైదాకా మడవాలి, హీటర్‌కు దూరంగా కూర్చోవాలి. ఈ మాట మీ అమ్మకు కూడా చదివి వినిపించండి.

మరీ సన్నం కాని, మరీ లావు కాని ఉన్ని ఎంచుకోండి, దానికి 5 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. మీలో పెద్దదాని కొలతకు 400 గ్రాములు తెచ్చుకోండి. అన్ని ఉండలూ ఒకేసారి కొనాలి. చీటీ మీద రంగు తొట్టి సంఖ్య (డై లాట్), అంటే ఏ విడతలో రంగు వేశారో ఆ సంఖ్య ఉంటుంది, అది అన్నింటికీ ఒకటే ఉందేమో చూసుకోండి. లేకపోతే ఒకే రంగు అనుకున్నది వీపు మీద రెండు రంగులుగా కనిపిస్తుంది.

రెండు కుట్లు వస్తే ఈ కోటు వచ్చినట్టే. ఒకటి గొలుసు. సూది మీది ఉచ్చులోంచి దారాన్ని కొక్కెంతో పట్టి ఇవతలికి లాగితే ఒక గొలుసు. రెండోది పొడవు కుట్టు. సూదికి దారం ఒకసారి చుట్టి, కింది ఖాళీలో గుచ్చి, దారం పట్టి లాగండి. సూది మీద మూడు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం పట్టి రెండింటిలోంచి లాగండి, ఇంకోసారి పట్టి మిగిలిన రెండింటిలోంచి లాగండి. అంతే. మొదటి రోజు కుట్లు ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా వస్తాయి. అరచేయంత ముక్క రెండు మూడుసార్లు అల్లి విప్పండి, చెయ్యి కుదురుతుంది. దారాన్ని ఎడమ చేతి చూపుడు వేలి మీదుగా జారనివ్వాలి, గుంజకూడదు.

కోటు భుజాలు, చంకలు, చేతులు అంటూ ముక్కలు లెక్కపెట్టుకుని భయపడకండి. నేను చాలా ఏళ్ల తర్వాత నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. రెండంటే రెండే ముక్కలు, రెండూ ఆరు మూలలవి. లెక్కల పుస్తకం దగ్గర పెట్టుకుని చదవండి, నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే.

అయిదు గొలుసులు అల్లి, చివరిదాన్ని మొదటిదానితో కలిపి చిన్న చక్రం చేయండి. ఆ చక్రంలో మూడేసి పొడవు కుట్ల గుత్తి, తర్వాత రెండు గొలుసులు, ఇలా ఆరుసార్లు. ఆ రెండు గొలుసుల ఖాళీయే మూల. రెండో వరుసలో ప్రతి మూలలో ఒక గుత్తి, రెండు గొలుసులు, ఇంకో గుత్తి. మూడో వరుస నుంచి మూలల్లో అదే పని, మూలకూ మూలకూ మధ్య వచ్చే ప్రతి ఖాళీలో ఒక్కో గుత్తి. వరుస వరుసకూ ప్రతి వైపునా ఒక గుత్తి పెరుగుతుంది. వరుస మొదలుపెట్టేటప్పుడు మూడు గొలుసులు అల్లితే అవే మొదటి పొడవు కుట్టుగా లెక్క.

నాలుగో వరుసకల్లా మీ ముక్క బల్ల మీద చదునుగా పరుచుకోదు, చామాకులా అలలు తిరుగుతుంది. తప్పు చేశామని విప్పేయకండి. ఇదే అల్లికను ఆరు మూలలకు బదులు నాలుగింటితో అల్లితే చక్కని చదరం వస్తుంది. మధ్య నుంచి చూస్తే ఒక్కో వైపుకూ 90 డిగ్రీలు, నాలుగు వైపులకు 360. చుట్టూ ఉన్న చోటంతా నిండిపోయింది కాబట్టి అది చదును. మనం ఆరు వైపులు పెట్టాం, 540 డిగ్రీలయ్యాయి. మిగిలిన 180 ఎక్కడికి పోతాయి? అందుకే అలలు. ఇప్పుడు ఒక వైపు నడిమధ్య నుంచి ఎదుటి వైపు నడిమధ్యకు దాన్ని మడవండి. ఒక్కో పొరకు 270 డిగ్రీలు వస్తాయి, అంటే నాలుగు గళ్ల చదరంలో ఒక గడి తీసేసినట్టు, వడ్రంగి మూలమట్టం ఆకారం. ఒక కొమ్ము చెయ్యి, ఒక కొమ్ము ఒళ్లు. మీరు మొట్టమొదట అల్లిన చిన్న చక్రం ఎక్కడుందో చూడండి, సరిగ్గా చంక కింద.

మడిచి పట్టుకుని ఆరు వైపులూ లెక్కపెట్టండి. ఒక వైపు చేతి అంచు అయింది, ఒకటి కింది అంచు. రెండు వైపులు ముందొకటి వెనకొకటి భుజం మీద కలుస్తాయి. ఒకటి ముందు భాగం, గుండీల వైపు. ఆరోది వీపు మధ్య. రెండో ముక్క దీనికి అద్దంలో ప్రతిబింబం. రెండింటినీ వీపు మధ్యలో కలిపి, భుజాల మీద కుడితే కోటు. మెడ కోసం భుజం కుట్టును మధ్యకు 8 సెంటీమీటర్ల దూరంలో ఆపేయాలి. ఆ మిగిలిన మూలలు వాటంతటవే వెనక్కి వాలి కాలర్‌లా కూర్చుంటాయి.

వైపు ఎంత పొడవు ఉండాలో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. కింద రెండు ముక్కల రెండు వైపులు కలిసి నడుం చుట్టూ తిరుగుతాయి. ఛాతీ చుట్టుకొలతకు వదులు కోసం 16 సెంటీమీటర్లు కలిపి, వచ్చినదాంట్లో సగం తీసుకోండి. పెద్దదానికి 72 అని మీ అమ్మ చెప్పింది. 16 కలిపితే 88, సగం 44. మీరు అల్లే ప్రతి వైపూ 44 సెంటీమీటర్లయ్యేదాకా అల్లాలి, బహుశా 13 లేక 14 వరుసలు పడతాయి. వరుసలు లెక్కపెట్టి ఊరుకోకండి, టేపుతో కొలవండి. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణముంది. చెరొక ముక్క అల్లండి. మీలో పెద్దది ఎడమ ముక్క, చిన్నది కుడి ముక్క అల్లాలి. మీ ఇద్దరి చేతి బిగువు ఒకలా ఉండదు, ఒకరి 13 వరుసలు ఇంకొకరి 15కి సమానం కావచ్చు. కొలత కలిస్తే చాలు. ఈ కోటు అయ్యాక చిన్నదాని కొలతకు ఇంకొకటి, అదీ చెరొక ముక్కే.

చేతులు, కింది అంచు తర్వాత కావలసినంత పొడిగించుకుందాం. మణికట్టు దగ్గర కుట్లు తగ్గించి బిగించాలి, లేకపోతే ఇంట్లో పని చేసేటప్పుడు గిన్నెల్లో మునుగుతుంది. జేబులు మాత్రం తప్పకుండా పెట్టుకోవాలి. నాలుగు మూలల చదరం ఎలా అల్లాలో పైన చెప్పేశాను, అరచేయంత రెండు అల్లి కుట్టేస్తే జేబులే.

ఇన్ని చిల్లులున్న అల్లిక వెచ్చగా ఎలా ఉంటుందని చిన్నది అడుగుతుంది, నాకు తెలుసు. వెచ్చదనం ఉన్నిలోనే లేదమ్మా, ఉన్ని పట్టి ఉంచే గాలిలో ఉంది. ఒంటి వేడికి వెచ్చబడిన గాలి ఆ పీచుల మధ్య, ఆ చిల్లుల్లో కదలకుండా నిలిచిపోతే చలి లోపలికి రాదు. వీధిలో గాలి వీచి దాన్ని ఊడ్చుకుపోతుంది. తలుపులు వేసిన ఇంట్లో ఆ ఊడ్చే గాలి లేదు. ఈ కోటు ఇంటికోసమే పుట్టిందనడం అందుకే. బయటికి వెళ్లాల్సి వస్తే దీని మీద గాలి దూరని కోటు ఇంకొకటి వేసుకోండి.

ఉతకడం ఒక్కటే జాగ్రత్త. గొర్రె ఉన్నిని వేడినీళ్లలో నానబెట్టి రుద్దితే పీచులు ఒకదానికొకటి పెనవేసుకుని దిమ్మెలా ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. చల్లటి నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, మంచం మీద పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు చేతులు మోకాళ్లదాకా సాగుతాయి.

బజారులో చవగ్గా కొక్కెం అల్లిక టోపీయో, సంచీయో కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. రెండు సూదుల స్వెటర్‌ను మిల్లు యంత్రాలు గంటలో అల్లేస్తాయి. కొక్కెం అల్లిక మాత్రం ఎక్కడో ఎవరో ఒక్కో ఉచ్చూ లాగి అల్లాల్సిందే. ఆ ధర చూసినప్పుడల్లా నాకు మా అరుగు గుర్తొస్తుంది. ఎవరి చేతికి ఎంత చేరిందో అని మనసు కలుక్కుమంటుంది.

మీ ముక్కలు పూర్తయ్యాక చివర దారం దగ్గరగా కత్తిరించకండి, మూడు మూరలు వదలండి. వీపు మధ్య కుట్టు దానితోనే వేయాలి. అది మాత్రం మీరు మొదలుపెట్టవద్దు. మాఘ మాసంలో వస్తున్నాను, తాతయ్య రైలు టిక్కెట్లు తీశారు. అతుకుపని మా అమ్మ చేసినట్టు ఎలా చేయాలో పక్కన కూర్చుని చూపిస్తాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ