సాఫ్ట్ స్కిల్స్: మా ఐటీఐ పిల్లల చుట్టూ తిరిగే అపోహలు

అనంతపురంలో ఐటీఐ పిల్లలను ఉద్యోగాలకు తయారు చేయడం నా పని. సాఫ్ట్ స్కిల్స్, అంటే పనిచోట వినడం, చెప్పడం, నలుగురితో మెలగడం లాంటి వాటి గురించి తల్లిదండ్రులు, పిల్లలు, ఆఖరికి కొందరు ఇన్‌స్ట్రక్టర్లు కూడా అనే మాటలు వినీ వినీ ఇది రాస్తున్నా.

అపోహ: సాఫ్ట్ స్కిల్స్ అంటే గడగడా ఇంగ్లిష్ మాట్లాడటం.

వాస్తవం: 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక మా వైపు ఈ ఇంగ్లిష్ భయం ఇంకా ఎక్కువైంది. వస్తే మంచిదే, ఎవరు వద్దన్నారు? కానీ మెషిన్ ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఎట్లాంటి శబ్దం వచ్చింది, నువ్వేం ముట్టుకున్నావ్, ఈ మూడూ వరసగా చెప్పగలిగితే సూపర్‌వైజర్‌కు సగం పని తగ్గుతుంది. తెలుగులోనే చెప్పలేనివాడు ఇంగ్లిష్ నేర్చుకుంటే ఇంగ్లిష్‌లోనూ చెప్పలేడు.

అపోహ: చేతిపని చేసేవాడికి మాటలతో పనేంటి?

వాస్తవం: ఎలక్ట్రీషియన్ బ్యాచ్‌లో ఈ మాట ఎక్కువ. వాళ్లకు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) సంగతి చెప్తాను. లైన్ మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైన్ క్లియర్ తీసుకోవాలి. ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి వెళ్లే కరెంటు లైన్), ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు అనేది అక్కడి ఆపరేటర్ రాసుకుంటాడు. పని అయ్యాక మనుషులందరూ దిగారని చూసుకుని, రక్షణ కోసం లైన్‌కు తగిలించిన ఎర్త్ రాడ్లు తీసేసి, తీసుకున్నవాడే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. ఫోన్‌లో ఫీడర్ పేరు సగమే వినపడినా 'ఆ ఆ, సరే' అనేస్తే? ఒక ఫీడర్ ఆపి, ఇంకో ఫీడర్ స్తంభం ఎక్కుతారు. విన్న పేరును తిరిగి చెప్పి 'ఇదే కదా?' అని అడిగే అలవాటు లేనివాణ్ని అసలు స్తంభం ఎక్కించకూడదు.

అపోహ: అణకువగా ఉంటే చాలు.

వాస్తవం: నాకు పెద్ద తలనొప్పి ఇదే. పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని పెంచాం కదా, 'అర్థమైందా అప్పా?' అంటే కాకపోయినా 'అయింది సార్' అంటారు. అందుకే ఆ ప్రశ్న అడగడమే మానేశా. 'ఇప్పుడేం చేయబోతున్నావో చెప్పు' అంటాను, సగంమంది అక్కడ దొరికిపోతారు. 'సార్, ఆ మూడోది మళ్లీ చెప్పండి' అనడం అమర్యాద కాదని ఒప్పించడానికే వారాలు పడుతుంది.

అపోహ: పుట్టుకతో రావాలి. లేదంటే రెండు రోజుల క్లాసు పెడితే వచ్చేస్తుంది.

వాస్తవం: రెండూ తప్పే. ఐటీఐ సిలబస్‌లో ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అనే సబ్జెక్టు ఉంది, దాన్నీ బట్టీ పట్టి పాసైపోతే ఏం లాభం? వర్క్‌షాప్‌లోనే నేర్పాలి. ఇద్దరిని వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టి, మోటార్ స్టార్టర్ వైరింగ్ బొమ్మ ఒకడి చేతికిస్తాను, వాడు చెప్తుంటే రెండోవాడు గీయాలి. మొదట్లో 'ఇది దానికి కలుపు' అంటాడు. ఏది దేనికిరా! నాలుగుసార్లు బొమ్మ తప్పాక 'ఆఫ్ బటన్ రెండో టెర్మినల్ నుంచి ఆన్ బటన్ మొదటి టెర్మినల్‌కు' అనడం వస్తుంది.

అపోహ: పని వస్తే ఉద్యోగం ఎక్కడికీ పోదు.

వాస్తవం: పోతుంది. జాతరకు సెలవు ఇవ్వరేమోనని ఫోన్ స్విచాఫ్ చేసి ఊరికెళ్లిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ముందురోజు ఒక్క మెసేజ్ పెడితే షిఫ్ట్ ఇన్‌చార్జ్ తిట్టుకుంటూనైనా ఇంకొకణ్ని పెట్టుకుంటాడు కదా నాయనా.