సున్నాను ఎంతతో హెచ్చవేసినా

"మాస్టారూ, గ్రిగ్రీ దానంతటదే తాడును పట్టేస్తుంది కదా, ఇంకా కింది చెయ్యి వదలొద్దని అంత పట్టుబడతారేం?" పర్లాకిమిడి నుంచి బెంగళూరు వెళ్లి, అక్కడ క్లైంబింగ్ (రాళ్లెక్కడం) నేర్చుకుంటున్న మా పాత విద్యార్థి ప్రశ్న ఇది. గ్రిగ్రీ అంటే, ఎక్కేవాడు పడితే తాడును పట్టి ఆపే పరికరం, కింద నిలబడి తాడు చూసేవాడి నడుముకు ఉంటుంది. కింది చెయ్యి అంటే, పరికరం దాటి వచ్చిన తాడు కొసను వాడు పట్టుకునే చెయ్యి. సెలవులకు వచ్చినప్పుడు మహేంద్రగిరి వైపు రాళ్లెక్కాలని వాడి కోరిక. ముడులూ, నడుముకు కట్టుకునే హార్నెస్ పట్టీలూ నేర్పడానికి కోచ్‌లున్నారు. ఆ చేతి సంగతి మాత్రం నేనే చెప్పాలి.

పొగరెక్కిన గిత్తను పదేళ్ల కుర్రాడు ఆపడం మా ఊళ్లలో అందరూ చూసిందే. పలుపును రాటకు రెండు చుట్లు తిప్పి, కొస పట్టుకుని నిలబడతాడు. దీని లెక్క 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరు మీద ఉంది. చుట్లు పెరిగితే పట్టు కూడికలా పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. ఘర్షణ గుణకం (తాడూ రాటా ఎంత గట్టిగా రాసుకుంటాయో చెప్పే అంకె) 0.3 అనుకుంటే అరచుట్టుకు రెండున్నర రెట్లు, పూర్తి చుట్టుకు ఆరున్నర, రెండు చుట్లకు 43, మూడింటికి 285! కొసను కిలో బరువంత బలంతో పట్టుకుంటే రెండు చుట్లకే అవతల 43 కిలోల లాగుడు ఆగుతుంది. రాట లావా సన్నమా అన్నది ఈ లెక్కలోకే రాదు. ఇంటర్‌లో ఘాతాంకాలు చెప్పేవాళ్లు ఒక్కసారి తాడూ కర్రా తరగతికి తెస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు కుర్రాణ్ని కొస వదిలేయమనండి. సున్నాను 43తో హెచ్చవేసినా సున్నాయే, 285తో హెచ్చవేసినా సున్నాయే.

1991లో పెట్జల్ కంపెనీ తెచ్చిన గ్రిగ్రీలో తాడు ఒక క్యామ్ (ఇరుసు మీద తిరిగే లోహపు ముక్క) చుట్టూ తిరిగి వస్తుంది. ఎక్కేవాడు పడగానే తాడు క్యామ్‌ను ఈడుస్తుంది, స్ప్రింగును ఓడించి తిప్పుతుంది. తిరిగిన క్యామ్ తాడును పరికరం లోపలి పలకకు అదిమి పట్టేస్తుంది. ఆ మొదటి ఈడుపుకు ఘర్షణ కావాలి, ఘర్షణకు కొసన పట్టు కావాలి. చెయ్యి లేకపోయినా వేలాడే తాడు బరువుతోనే చాలాసార్లు బిగుస్తుంది. కానీ కొత్త నున్నటి తాడు, సన్నటి తాడు, మెల్లగా జారుతూ పడటం, ఇవి కలిస్తే స్ప్రింగే గెలవొచ్చు. ప్రాణం "చాలాసార్లు" మీద పెట్టేది కాదు.

ఎక్కేవాడికి తాడు గబగబా అందించాల్సినప్పుడు మూడు వేళ్లు కింది తాడు చుట్టూనే ఉండాలి. చూపుడువేలు పరికరం అంచు కింద, బొటనవేలు క్యామ్ మీద ఒక్క క్షణం, వెంటనే తీసెయ్యాలి. పిడికిలితో క్యామ్‌ను నొక్కిపట్టావా, పలకనూ తాడునూ నువ్వే విడదీసినట్టు.

ఎక్కేముందు రాయికి కొబ్బరికాయ కొట్టే కుర్రాళ్లను నేను వద్దనను. కొట్టాక ఎక్కేవాడి వైపు తాడును ఒక్కసారి గట్టిగా గుంజి, బిగిసిందో లేదో చూడమంటాను. గ్రిగ్రీలో తాడు తలకిందులుగా ఎక్కించి ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఎక్కినవాణ్ని కిందికి దించేటప్పుడు మరీ జాగ్రత్త. పిడి తెరిచేది ఎడమ చెయ్యి, వేగం అదుపు చేసేది తాడు మీది కుడి చెయ్యి. భయం వేస్తే మనిషి పిడిని ఇంకా గట్టిగా లాగుతాడు, మామూలు గ్రిగ్రీ అప్పుడు పూర్తిగా తెరుచుకుంటుంది. 2017లో వచ్చిన గ్రిగ్రీ ప్లస్‌లో అలా లాగితే ఆగిపోయే ఏర్పాటు ఉంది. అది కొనుక్కున్నా సరే, నాయనా, కుడి చెయ్యి తాడు మీదే ఉండాలి.