షట్టర్ దించినా మండే పైలట్

హైదరాబాద్–విజయవాడ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేటల్లో హోటళ్లకు కొదవలేదు. పెద్ద భట్టీలున్న కొన్ని వంటిళ్లలో బర్నర్ పక్కనే సన్నని నీలిమంట ఎప్పుడూ వెలుగుతుంటుంది. ఆర్డర్ రాగానే మాస్టర్ నాబ్ తిప్పితే పెద్ద మంట దాన్నుంచే అంటుకుంటుంది. అదే పైలట్. రాత్రి షట్టర్ దించాక దాన్ని ఆర్పాలని చాలామందికి తోచదు. ఇంతోటి మంటకు గ్యాస్ ఎంత పోతుందిలే అనుకుంటారు.

పైలట్ చిన్నదైతే 100 వాట్లు, పెద్దదైతే 250 వాట్ల దాకా వేడి ఇస్తుంది. 150 అనుకుందాం. కరెంటు బిల్లు లెక్కలో రోజుకు 3.6 యూనిట్లు. కిలో ఎల్‌పీజీలో ఉండేది దాదాపు 12.8 యూనిట్ల వేడి. అంటే రోజుకు 280 గ్రాములు, నెలకు ఎనిమిదిన్నర కిలోలు. నాలుగు పైలట్లు ఆపకుండా మండితే 19 కిలోల కమర్షియల్ బండ 17 రోజుల్లో ఖాళీ, ఒక్క ప్లేటు ఫ్రైడ్ రైస్ చేయకుండానే!

అలాగని పైలట్ ఎక్కడున్నా దండగే అనలేం. ఒక్క పైలట్ రోజంతా తాగే గ్యాస్‌ను 10 కిలోవాట్ల బర్నర్ ఫుల్‌గా మండితే 22 నిమిషాల్లోనే తాగేస్తుంది. పొద్దస్తమానం నడిచే భట్టీకి అదో లెక్క కాదు. రోజుకు ఒక్కసారి బిర్యానీకి వెలిగించే బర్నర్‌కు మాత్రం పైలట్ ఎందుకు? లైటర్ చాలదా?

చలిదేశాల్లో ఆ వేడి ఇంటికైనా పనికొస్తుంది. మే నెలలో నల్లగొండ ఎండకు వంటిల్లే కొలిమి, దానికి ఇదొకటి తోడు. ఇళ్లలో వాడే కొత్త గ్యాస్ స్టవ్‌లకు ఇలాంటి పైలట్ ఉండకూడదని అమెరికాలో నిబంధన ఉంది: కరెంటు వైరు ఉన్నవాటికి 1990 నుంచి, లేనివాటికి 2012 నుంచి.

అసలు టెన్షన్ ఆరిపోయిన పైలట్‌తో. మంచి పరికరాల్లో మంటకు తగిలేలా థర్మోకపుల్ ఉంటుంది. రెండు లోహాల అతుకు వేడెక్కితే పుట్టే కొద్ది మిల్లీవోల్టుల కరెంటే వాల్వ్‌ను తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే కాసేపట్లో వాల్వ్ మూసుకుంటుంది. అది లేని భట్టీలో గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేలమీదే పేరుకుంటుంది.

మీ భట్టీ సంగతి కాంటా చెబుతుంది. రాత్రి పైలట్లను ఒక్క బండకే కలిపి తూకం వేయండి, పొద్దున మళ్లీ వేయండి. పై లెక్క ప్రకారం నాలుగింటికి పది గంటల్లో 470 గ్రాములు తగ్గాలి.