డాప్లర్‌లో వినిపించేది ఎవరి గుండె?

నెల తప్పిందని తెలిశాక కొనే వస్తువుల్లో ఈమధ్య ఒక కొత్తది చేరింది. అరచేతిలో పట్టే చిన్న పెట్టె, దానికి వైరుతో కలిపిన ప్రోబ్, ఒక జెల్ ట్యూబు. పొట్ట మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే లోపలి బిడ్డ గుండె చప్పుడు స్పీకర్లో వినిపిస్తుంది, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెర మీద అంకె కనిపిస్తుంది. ఫీటల్ డాప్లర్ అంటారు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేల రూపాయలకే దొరుకుతోంది. డల్లాస్‌లో ఉన్న కూతురు వాట్సాప్ వీడియోలో ఆ చప్పుడు వినిపిస్తే గుంటూరులో ఉన్న తల్లి కళ్లు తుడుచుకుంటుంది. ఆ సంతోషాన్ని తప్పు పట్టేవాళ్లెవరూ ఉండరు.

కొనేముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఆ వేవ్స్ వల్ల బిడ్డకేమైనా అవుతుందా?" నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ఆ పెట్టె చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మొదటిది. అయినా అందరూ అడిగేదే ముందు చూద్దాం.

ప్రోబ్ లోపలికి పంపేది అల్ట్రాసౌండ్. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినగలదు. ఈ ప్రోబ్ పంపే శబ్దంలో సెకనుకు 20 నుంచి 30 లక్షల కంపనాలుంటాయి. ఇది ఎక్స్‌రే కాదు, డీఎన్‌ఏను దెబ్బతీసే రేడియేషన్ ఇందులో లేదు. కానీ శబ్దం కూడా శక్తే. ఒంట్లోకి వెళ్లిన శబ్దంలో కొంత అక్కడే ఇంకిపోయి వేడిగా మారుతుంది, మెత్తటి కండ కంటే ఎముక దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. తీవ్రత బాగా పెరిగితే కొన్ని కణజాలాల్లో సూక్ష్మమైన బుడగలు కూడా పుట్టొచ్చు. బిడ్డ ఉన్నచోట ఉష్ణోగ్రత మామూలు కంటే 1.5 డిగ్రీల సెల్సియస్ మించి పెరగనంత వరకు వేడి గురించి బెంగ అక్కర్లేదని అల్ట్రాసౌండ్ నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య చెబుతుంది. చెకప్‌లో నర్సు వాడే చేతి డాప్లర్ శక్తి చాలా తక్కువ, వినేది కూడా ఒకటి రెండు నిమిషాలే. దానివల్ల బిడ్డలకు హాని జరిగిందన్న ఆధారాలు లేవు.

ఇంట్లో వాడితే తేడా ఎక్కడొస్తుందంటే, ఎంతసేపు, రోజుకు ఎన్నిసార్లు అన్నదానికి లెక్క ఉండదు. బిడ్డ దొరకలేదని అరగంట వెతికేవాళ్లున్నారు, పడుకునే ముందు రోజూ వినేవాళ్లున్నారు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2014 డిసెంబరులో, వైద్య అవసరం లేకుండా ఇళ్లలో ఇలాంటి పరికరాలు వాడొద్దని గర్భిణులను హెచ్చరించింది. అక్కడ ఇవి డాక్టర్ చీటీ మీద, శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సినవి. హాని రుజువైందని ఎఫ్‌డీఏ అనలేదు. వైద్యపరంగా ఏ లాభమూ లేనప్పుడు, లెక్కాజమా లేకుండా బిడ్డ మీదకు శబ్దశక్తిని పంపడం దేనికి అన్నది దాని వాదన. సబబుగానే ఉంది.

ఇక్కడ ఒక మాట. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో డాక్టర్ రాసే "డాప్లర్ స్కాన్" వేరు. బొడ్డుతాడులో, బిడ్డ మెదడుకు వెళ్లే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష అది. ఈ వ్యాసం చదివి దాన్ని మానుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. స్పీకర్లో వినిపించేది నిజానికి గుండె చప్పుడు కాదు.

1842లో ప్రాగ్‌లో క్రిస్టియన్ డాప్లర్ జంట నక్షత్రాల రంగుల గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. తరంగాలు పుట్టే చోటు మనవైపు కదిలితే వాటి ఫ్రీక్వెన్సీ పెరిగినట్టు, దూరంగా పోతుంటే తగ్గినట్టు మనకు తోస్తుందన్నాడు. 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బలోట్ అనే శాస్త్రవేత్త బూరలు ఊదేవాళ్లను రైలెక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవాళ్లను నిలబెట్టి శబ్దం విషయంలో ఇది నిజమేనని తేల్చాడు. 1960లలో ప్రసూతి వైద్యులు ఆ సూత్రాన్నే కడుపులో బిడ్డ గుండె మీదకు తిప్పారు.

ప్రోబ్ పంపిన శబ్దం లోపల కదులుతున్న దేనికైనా తగిలి తిరిగొస్తే దాని ఫ్రీక్వెన్సీ కొద్దిగా మారి ఉంటుంది. ఒంట్లో శబ్దం వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. సెకనుకు 20 లక్షల కంపనాల శబ్దం, సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున కదిలే దానికి తగిలి వెనక్కొస్తే వచ్చే తేడా దాదాపు 260 కంపనాలు. హార్మోనియం మీద ఒక మధ్య స్వరమంత. మన చెవికి హాయిగా అందే స్థాయి. పరికరం ఆ తేడాను మాత్రమే తీసి స్పీకర్‌కు పంపుతుంది. గుర్రం దౌడు తీస్తున్నట్టు వినిపించేది అదే. అంటే లోపలి కదలికకు యంత్రం ఇచ్చిన గొంతు అది. కదిలింది ఎవరిదో యంత్రానికి తెలియదు.

కడుపులో కదిలేవి చాలా ఉన్నాయి. తల్లి పొత్తికడుపులోని పెద్ద ధమనులున్నాయి. మాయ (ప్లసెంటా)లోకి తల్లి రక్తం పారుతుంటుంది, గాలి వీచినట్టు హోరుమంటుంది. బొడ్డుతాడులో బిడ్డ రక్తం, తల్లి పేగులు, వీటికి తోడు పట్టుకున్న చెయ్యి కదిలితే దాని బరబర. తల్లి గుండె మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది, బిడ్డది 110 నుంచి 160 సార్లు. అంకె చూస్తే తెలిసిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ జ్వరమో రక్తహీనతో ఉన్న తల్లి నాడి 110 దాటొచ్చు. బిడ్డ కదలడం లేదన్న టెన్షన్‌లో ఉన్న తల్లి నాడి కూడా దాటొచ్చు. పరికరం వాడాలని చెయ్యి పోయేది సరిగ్గా ఆ టెన్షన్‌లోనే.

అంకె విషయంలో ఇంకో మెలిక ఉంది. తిరిగొచ్చే శబ్దంలో ఒకే తీరు ఎంతసేపటికి ఒకసారి మళ్లీ వస్తోందో చూసి యంత్రం లెక్క కడుతుంది. ఒక్కో స్పందనలో రెండు కదలికలు కనబడితే రెండూ విడివిడి స్పందనలనుకుంటుంది. అప్పుడు తల్లి 70 కాస్తా తెర మీద 140 అయి కూర్చుంటుంది, చూడముచ్చటైన "నార్మల్" అంకె. లేబర్ రూముల్లో లక్షలు పోసి కొన్న మెషీన్లు కూడా తల్లి గుండెను బిడ్డదిగా చూపించిన సందర్భాలున్నాయి. అందుకే అనుభవమున్న నర్సు ఒక చేత్తో పొట్ట మీద ప్రోబ్ పట్టుకుని, రెండో చేత్తో తల్లి మణికట్టు దగ్గర నాడి చూస్తుంది. రెండు లయలూ కలిసి నడుస్తుంటే వినిపిస్తున్నది తల్లిదే. చూడ్డానికి చిన్న పని. ఆ పెట్టెతో వచ్చే కాగితంలో దీన్ని ఎంతమంది చదివి పాటిస్తారో మీరే ఊహించుకోండి.

దీనికి తిరగబడ్డ సమస్య మొదటి నెలల్లో వస్తుంది. పన్నెండో వారం దాకా గర్భసంచి కటి ఎముక వెనకే దాగి ఉంటుంది. మాయ ముందువైపు ఉన్నా, పొట్ట మీద కొవ్వు ఎక్కువున్నా ఆ తర్వాత కూడా బిడ్డ గుండె చటుక్కున దొరకదు. రాత్రి పదకొండింటికి ప్రోబ్ అటూ ఇటూ తిప్పి, ఏమీ వినిపించక, ఏడుస్తూ క్యాజువాలిటీకి పరిగెత్తితే అక్కడి స్కాన్‌లో బిడ్డ చక్కగా కనబడుతుంది. ప్రాణనష్టం లేదు, ఆ రాత్రి నిద్ర మాత్రం పోతుంది.

ప్రాణనష్టం జరిగేది వినిపించినదాన్ని బిడ్డ గుండె అనుకుని ఊరుకున్నప్పుడు. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెస్ట్ ససెక్స్ వైద్యులు ఒక కేసు రాశారు. తొలి కాన్పు, నెలలు నిండుతున్నాయి. బిడ్డ కదలికలు తగ్గినట్టు ఆమెకు తెలిసింది. దగ్గరున్న డాప్లర్‌తో వింది, చప్పుడు వినబడింది, ఊరుకుంది. తర్వాత ఆసుపత్రికి వచ్చేసరికి బిడ్డ లోపలే చనిపోయి ఉంది. ఆమె విన్నది తన నాడో, మాయలో తన రక్తం హోరో అయి ఉండొచ్చన్నది ఆ వైద్యుల అభిప్రాయం. ముందే వచ్చి ఉంటే బిడ్డ దక్కేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఆలస్యానికి ఆ పెట్టె ఒక కారణమైంది.

సరే, ఆమె విన్నది నిజంగా బిడ్డ గుండే అనుకుందాం. అప్పుడైనా సరిపోయేదా? సరిపోదు. మాయ నుంచి ఆక్సిజన్ అందడం తగ్గితే బిడ్డ ముందు ఖర్చు తగ్గించుకుంటుంది, కాళ్లూ చేతులూ ఆడించడం మానుకుంటుంది. దొరికిన ఆక్సిజన్‌ను మెదడుకు, గుండెకు మళ్లిస్తుంది. గుండె చివరిదాకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇబ్బందిలో ఉన్న బిడ్డ గుండె కూడా 140 చూపించగలదు.

అందుకే ఆసుపత్రిలో గుండె ఉందా లేదా అన్నదానితో ఆగరు. ఎన్‌ఎస్‌టీ అని ఒక పరీక్ష చేస్తారు. తల్లిని ఒక పక్కకు ఒరిగి కూర్చోబెట్టి, పొట్టకు రెండు బెల్టులు కట్టి, ఇరవై నిమిషాలో ఇంకాసేపో బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీయిస్తారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గుండె ఒకే వేగంతో నడవదు, గీత సన్నగా వణుకుతూ ఉంటుంది. బిడ్డ కదిలినప్పుడు వేగం పెరుగుతుంది. ఎనిమిదో నెల దాటాక ఇరవై నిమిషాల్లో కనీసం రెండుసార్లు, ప్రతిసారీ 15 స్పందనల మేర, 15 సెకన్ల పాటు పెరిగితే బిడ్డ బాగున్నట్టు. గీత బల్లపరుపుగా ఉంటే, మధ్యమధ్య కిందికి జారుతుంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు. ఇంటి డాప్లర్ ఈ గీతనంతా నలిపి ఒక్క సగటు అంకె చేసి చూపిస్తుంది. పనికొచ్చే సమాచారమంతా ఆ నలగడంలోనే పోతుంది.

(ఆ అంకె 140 దాటితే ఆడపిల్ల, తగ్గితే మగపిల్లాడు అనే మాట అమెరికాలోనూ ఉంది, మన దగ్గరా ఉంది. పరిశోధకులు పోల్చి చూశారు, తేడా ఏమీ లేదు. మన దేశంలో పుట్టకముందే ఆడా మగా తేల్చడం 1994 చట్టం ప్రకారం నేరం కూడా.)

మరి ఇంట్లో ఉన్న తల్లి నమ్మదగ్గది ఏమిటి? బిడ్డ కదలికలే. ఐదో నెల ప్రాంతంలో తెలుస్తాయి, ఆరో నెల నిండేసరికి దాదాపు అందరికీ అందుతాయి. ఏడో నెల నుంచి ఒక్కో బిడ్డకు ఒక్కో వరస ఏర్పడుతుంది. ఒకటి తల్లి అన్నం తినగానే తిరుగుతుంది, ఇంకోటి సరిగ్గా ఆమె నడుం వాల్చేసరికి మొదలెడుతుంది. ఆ వరస మారిందా అన్నది తల్లికి తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియదు. అనుమానంగా ఉంటే ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టమంటారు. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే కబురు చెయ్యమంటారు. మీ డాక్టర్ వేరే లెక్క చెప్పి ఉంటే దాన్నే పట్టుకోండి.

పెద్దవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: "నెలలు నిండాయిగా, లోపల చోటుండదు, కదలడం తగ్గుతుందిలే అమ్మా." ప్రేమతో అనే మాటే, కానీ తప్పు. తన్నడం కాస్తా పొర్లినట్టు, తోసినట్టు అనిపించొచ్చు గాని కాన్పు దాకా, నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. చల్లటి నీళ్లు తాగి, తీపి తిని, రేపు పొద్దున చూద్దాంలే అనుకోవడం కూడా ప్రమాదమే.

కదలికలు గమనించడం కూడా మంత్రం కాదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో 33 ఆసుపత్రుల్లో నాలుగు లక్షలకు పైగా గర్భిణులతో చేసిన ఎఫర్మ్ అధ్యయనం 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కదలికల మీద అవగాహన పెంచి, తగ్గాయన్నవాళ్లకు వెంటనే పరీక్షలు చేస్తే కడుపులోనే చనిపోయే బిడ్డల సంఖ్య వెయ్యికి 4.4 నుంచి 4.06కు వచ్చింది. కాకతాళీయం కాదని చెప్పడానికి ఆ తేడా చాలదు. మందిచ్చి నొప్పులు తెప్పించడాలు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. అయినా డాక్టర్లు కదలికలనే అడుగుతారంటే, ఇంట్లో దొరికే తొలి సంకేతాల్లో అంతకంటే మెరుగైనది ఇంకా లేదు కాబట్టి.

పరికరం అసలు పనికిరానిదా అంటే అదీ కాదు. అమెరికాలో రోచెస్టర్‌లోని మేయో క్లినిక్ 300 మంది ప్రమాదం తక్కువున్న గర్భిణులతో ఒక ప్రయోగం చేసి ఫలితాలు 2019లో ప్రచురించింది. సగం మందికి చెకప్‌లు తగ్గించి, ఇంటికి డాప్లర్, బీపీ మెషీన్ ఇచ్చింది. వాళ్లకు సంతృప్తి పెరిగింది, ఆందోళన తగ్గింది. కానీ అక్కడ ఎలా వినాలో నేర్పారు, ఫోన్లో నర్సు అందుబాటులో ఉంది, కొలతలను చూసేవాళ్లున్నారు. ఆన్‌లైన్‌లో కొన్న పెట్టె వెనక ఆ నర్సు ఉండదు. 2017లో ఆంటొనెట్ సాండ్‌బాక్ అనే ఎంపీ వీటి అమ్మకాన్ని నియంత్రించాలని బ్రిటిష్ పార్లమెంటులో బిల్లు పెట్టింది, అది చట్టం కాలేదు.

ఫోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోన్లో ఉండేది మైకు, అల్ట్రాసౌండ్ ప్రోబ్ కాదు. దాన్ని పొట్టకు ఆనిస్తే బిడ్డ గుండె వేగం తెలుస్తుందనే మాటను నమ్మకపోవడమే మంచిది.

ఇప్పటికే కొన్నవాళ్లు పారెయ్యక్కర్లేదు. చెకప్‌కు వెళ్లినప్పుడు తీసుకెళ్లి, ఎలా పట్టుకోవాలో, నాడి ఎలా సరిచూడాలో నర్సునో ఏఎన్‌ఎంనో అడగండి. సరదాకు ఎప్పుడో ఒకసారి, ఒకటి రెండు నిమిషాలు వినండి, దొరక్కపోతే వెతకడం ఆపండి. బిడ్డ కదలికలు తగ్గాయనిపించిన రోజు మాత్రం దాన్ని బయటకు తియ్యొద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, అర్ధరాత్రయినా సరే, బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. అక్కడ "నిన్నటి నుంచి బిడ్డ కదలికలు తగ్గాయి" అని మొదటే చెప్పండి. వాళ్లు కూడా చేతి డాప్లర్‌తో విని "గుండె కొట్టుకుంటోందిలే అమ్మా" అని పంపబోతే, ఎన్‌ఎస్‌టీ చేస్తారా అని అడగండి.