ఐఆర్‌సీ చానెల్ బాట్: కాపలా అవసరం ఎక్కడ మొదలైంది?

ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) అంటే చానెళ్లు అనే గదుల్లో రాతతో మాట్లాడుకునే వ్యవస్థ. అక్కడ చానెల్‌కు కాపలా కాసే బాట్‌ను, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రామును, మొదటిసారి అమర్చేవారికి దాని కాన్ఫిగరేషన్ ఫైలు అనుమానాల పుట్టలా కనిపిస్తుంది. ఎవరిని నమ్మాలి, ఏ చిరునామా నుంచి వస్తే నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలే అందులో ఎక్కువ. ఆ అనుమానాలకు కారణం ఐఆర్‌సీ నిర్మాణంలోనే ఉంది.

1988లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయ్‌కారినెన్ ఐఆర్‌సీని రూపొందించారు. 1993 మేలో వెలువడిన ఐఆర్‌సీ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1459 ప్రకారం, లేని చానెల్‌లో మొదట చేరినవారే దానికి ఆపరేటర్, అంటే నిర్వాహకుడు. చివరి వ్యక్తి వెళ్లిపోగానే ఆ చానెల్ ఉనికి కోల్పోతుంది. ఒకే ఐఆర్‌సీ నెట్‌వర్కుగా కలిసి పనిచేసే సర్వర్ల మధ్య సంబంధం తెగినప్పుడు, అంటే నెట్‌స్ప్లిట్‌లో, విడిపోయిన వైపు చానెల్ ఖాళీగా ఉంటే అక్కడ చేరిన ఆగంతకుడికి కూడా ఆపరేటర్ హోదా దక్కేది. సర్వర్లు తిరిగి కలిశాక ఆ హోదాతోనే అతడు అసలు నిర్వాహకులను తొలగించి చానెల్‌ను ఆక్రమించుకునేవాడు. అందుకే నిద్రపోని కాపలాదారు అవసరమైంది.

1993 డిసెంబరులో రోబీ పాయింటర్ ఈఎఫ్‌నెట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కులోని ఒక చానెల్ రక్షణ కోసం ఎగ్‌డ్రాప్ అనే బాట్‌ను రాయడం మొదలుపెట్టారు. సీ భాషలో రాసిన ఈ బాట్‌కు టీసీఎల్ అనే భాషలో రాసిన స్క్రిప్టులతో కొత్త పనులు నేర్పవచ్చు. మాదిరి కాన్ఫిగరేషన్ ఫైలులో అక్కడక్కడ 'డై' (ఆగిపో) అనే ఆదేశం ఉన్న పంక్తులు కావాలనే ఉంచారు; వాటిని తీసేయకపోతే బాట్ నడవదు. చదవకుండా నడిపేవారిని ఆపే ఆ ఏర్పాటు నా దృష్టిలో చాలా మంచిది.

వినియోగదారుల ఫైలులో ప్రతి వ్యక్తికి హోస్ట్‌మాస్క్ (అతడి పేరు, చిరునామాలను గుర్తుపట్టే నమూనా), పాస్‌వర్డ్, అధికార ఫ్లాగులు (ఏ అధికారాలున్నాయో తెలిపే గుర్తులు) ఉంటాయి. అసలు ప్రమాదం హోస్ట్‌మాస్క్‌లోనే ఉంది. ఐపీ తరచూ మారుతోందని ఎవరైనా తన సర్వీస్ ప్రొవైడర్ మొత్తానికీ సరిపోయేలా మాస్క్ రాసి, దానికి ఆటో-ఆప్ (చేరగానే ఆపరేటర్ హోదా ఇచ్చే) ఫ్లాగు కూడా జోడిస్తే, అదే ప్రొవైడర్‌ను వాడే అపరిచితుడికి సైతం బాట్ పాస్‌వర్డ్ అడగకుండానే ఆపరేటర్ హోదా ఇచ్చేస్తుంది.

తర్వాత డాల్‌నెట్ వంటి నెట్‌వర్కులు చాన్‌సర్వ్ అనే సొంత సేవ ద్వారా చానెల్ రిజిస్ట్రేషన్‌కు వీలు కల్పించాయి. ఈఎఫ్‌నెట్ ఆ దారి పట్టలేదు. కాబట్టి బాట్ బాధ్యత నెట్‌వర్కును బట్టి మారుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్నచోట బాట్‌కు సొంత ఖాతా తెరిచి, సాస్ల్ (కనెక్ట్ అయ్యేటప్పుడే ఖాతాను ధ్రువీకరించే పద్ధతి) ద్వారా లాగిన్ చేయించి, అవసరమైన అధికారాన్ని మాత్రమే చాన్‌సర్వ్ జాబితాలో ఇస్తే సరిపోతుంది. అది లేనిచోట ఒకే బాట్‌పై ఆధారపడకుండా, వేర్వేరు సర్వర్లలో ఉన్న రెండు మూడు బాట్‌లను బాట్‌నెట్‌గా అనుసంధానించి, వాటి మధ్య వినియోగదారుల ఫైలును పంచుకునేలా అమర్చుకోవాలి.