న్యాయ విశ్వవిద్యాలయానికి నిధులు: అపోహలు – వాస్తవాలు

నేను ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో విరాళాల వ్యవహారాలు, మూలనిధి (అసలును కదపకుండా వడ్డీ మాత్రమే వాడుకునే నిధి) లెక్కలు చూస్తాను. రాబోయే పదేళ్లకు ఎంత సొమ్ము కావాలో, దేనికి కావాలో తేల్చే ముసాయిదా తయారు చేస్తున్నప్పుడు పాలకమండలి సభ్యుల దగ్గరా, పూర్వ విద్యార్థుల దగ్గరా, తల్లిదండ్రుల దగ్గరా పదే పదే విన్న మాటలే ఇక్కడ అపోహలుగా రాస్తున్నాను. వీటిలో కొన్నింటిని ఈ పనిలో చేరిన కొత్తలో నేనూ నమ్మాను.

అపోహ: ప్రభుత్వ సంస్థే కదా, పైగా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తే ఛాన్సలర్, ఇక డబ్బుకేం లోటు?

వాస్తవం: బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ 1986 నాటి కర్ణాటక చట్టంతోనూ, హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతోనూ ఏర్పడ్డాయి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు పేరుకు జాతీయమే గానీ పుట్టుకకు రాష్ట్ర సంస్థలు కాబట్టి ఐఐటీలకు అందినట్లు వీటికి కేంద్రం నుంచి ఏటా నిధులు అందవు. రాష్ట్రం భూమి ఇస్తుంది, తొలి భవనాలకు సాయపడుతుంది. ఆ తర్వాత జీతాలు, కరెంటు, గ్రంథాలయం వంటి రోజువారీ ఖర్చుల్లో ఎక్కువ భాగం విద్యార్థుల ఫీజుల మీదే నడుస్తుంది. ఫీజు పెంచితే పేద విద్యార్థి దూరమవుతాడు, పెంచకపోతే అధ్యాపకుల ఖాళీలు భర్తీ కావు. నిధుల సేకరణ అవసరం పుట్టేది ఈ ఇరకాటంలోనే.

ఇక ఛాన్సలర్ సంగతి. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 1997లో ఆమోదించిన న్యాయ జీవన విలువల పత్రం, న్యాయమూర్తి ఏ నిధి కోసమూ విరాళాలు అడగకూడదని, ఆ సేకరణతో క్రియాశీలంగా సంబంధం పెట్టుకోకూడదని చెబుతుంది. కోర్టులో తమ ముందు వాదించే న్యాయవాదిని న్యాయమూర్తి విరాళం అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆ నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. అంటే ఇతర విద్యాసంస్థల్లో అందరికంటే ముందు నిలబడి అడగవలసిన వ్యక్తి, మా దగ్గర అడగకూడని వ్యక్తి.

అపోహ: కొత్త భవనాలు లేస్తున్నాయంటే సంస్థ ఎదుగుతున్నట్లే.

వాస్తవం: భవనానికి దాత దొరకడం నా పనిలో అన్నింటికంటే తేలిక. శంకుస్థాపన ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది, ఫొటో ఉంటుంది, శిలాఫలకం మీద తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఆ హాలులో ఏసీలు నడిపించే ఖర్చుకు, ఏటా పునరుద్ధరించుకోవలసిన ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర అనే కోర్టు తీర్పుల డేటాబేసుల చందాలకు మాత్రం తన పేరు పెట్టమని ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.

సంస్థ ఎదుగుదలను నేను చూసుకునే చోటు వేరు. మా న్యాయ సహాయ కేంద్రం నుంచి నాకు నెలకోసారి ఓచర్లు వస్తాయి. మొన్న వచ్చిన ఒక ఓచరుకు రెండు ఆర్టీసీ టికెట్లు, ఒక జిరాక్సు షాపు బిల్లు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి: పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పుగా పడిన ఒక రైతుతో కలిసి ఇద్దరు మూడో సంవత్సరం విద్యార్థులు తహసీల్దారు కార్యాలయానికి మూడోసారి వెళ్లిన ఖర్చు అది, మొత్తం నాలుగు వందలు దాటలేదు. ఇలాంటి ఓచర్లు నెలకు ఎన్ని వస్తున్నాయి, అధ్యాపక పోస్టుల్లో ఎన్ని శాశ్వతంగా నిండాయి, ఫీజు కట్టలేక మధ్యలో ఆగిపోయినవారు ఎందరు అన్న మూడు అంకెలు చూపిస్తే సంస్థ ఎటు వెళుతోందో నేను చెప్పగలను. చదరపు అడుగుల లెక్క చూసి చెప్పలేను.

అపోహ: కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) సొమ్ముతో మూలనిధి నింపేయవచ్చు.

వాస్తవం: మా సమావేశాల్లో ఎక్కువ సమయం తినేసే అపోహ ఇదే, కాస్త వివరంగా చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్యాభివృద్ధి ఆ జాబితాలో ఉంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, 2021 జనవరి 22 నుంచి ఏ సంస్థ మూలనిధికి ఇచ్చిన సొమ్మునూ సీఎస్ఆర్ ఖర్చుగా లెక్కించరు. కంపెనీకి కావలసింది ఒక ప్రాజెక్టు, దానికొక గడువు, చివర ఒక వినియోగ నివేదిక. స్కాలర్‌షిప్పుల పథకానికి ఇవ్వగలరు, న్యాయ సహాయ శిబిరాలకు ఇవ్వగలరు, కానీ బ్యాంకులో వేసి ఎల్లకాలం వడ్డీ వాడుకొమ్మని ఇవ్వలేరు.

కాబట్టి మూలనిధి నిండేది వ్యక్తులు ఇచ్చే విరాళాలతోనే. అక్కడా ఒక మెలిక ఉంది. ధర్మసంస్థగా నమోదైన ఏ సంస్థకైనా వచ్చిన విరాళం మూలనిధికి చెందుతుందా, ఆ ఏటి ఆదాయమవుతుందా అన్నది దాత ఇచ్చిన నిర్దిష్ట సూచన మీద ఆధారపడుతుంది. "ఈ మొత్తాన్ని మూలనిధికి ఇస్తున్నాను" అనే ఒక్క వాక్యం ఉన్న ఉత్తరం చెక్కుతో పాటు రాకపోతే, మేము ఎంత మంచి ఉద్దేశంతో దాచుకున్నా ఆడిటర్ ఒప్పుకోడు.

అపోహ: కోటి రూపాయలు వస్తే బోలెడంత మంది పేద పిల్లలు చదువుకుంటారు.

వాస్తవం: కోటికి 7 శాతం వడ్డీ వచ్చిందనుకుందాం, అంటే ఏడాదికి 7 లక్షలు. ధరలు పెరిగేకొద్దీ అసలు విలువ కరిగిపోకుండా అందులో 3 లక్షలు తిరిగి అసలులో కలపాలి. మిగిలినది 4 లక్షలు. ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి 3 లక్షలు అయ్యే చోట అది ఒక విద్యార్థికి పూర్తిగా, మరొకరికి కొద్దిగా సరిపోతుంది. కోర్సు ఐదేళ్లు, ఏటా ఒక్కరిని చొప్పున తీసుకున్నా ఐదో ఏడు వచ్చేసరికి ఐదుగురు ఉంటారు, 15 లక్షలు కావాలి, దానికి దాదాపు 4 కోట్ల మూలనిధి ఉండాలి. లక్ష్యం పెద్దదిగా కనిపించడానికి కారణం మా ఆశ కాదు, ఈ లెక్క.

అయితే ఫీజు ఒక్కటే అడ్డం కాదని పేద, వెనుకబడిన వర్గాల పిల్లలను న్యాయ విద్యలోకి తెచ్చే ఐడియా సంస్థను 2010లో స్థాపించిన షమ్నాద్ బషీర్ గట్టిగా చూపించారు. ప్రవేశపరీక్షకు శిక్షణ మొదలుకొని చేరిన తర్వాత భాష, లాప్‌టాప్, మూట్ కోర్టు (నమూనా వాదనల పోటీ) ప్రయాణాల దాకా ఆదుకోకపోతే ఫీజు మాఫీ వృథా అవుతుంది. మా ముసాయిదాలో ప్రతి స్కాలర్‌షిప్పుకూ ఈ పద్దును కలిపాం.

అపోహ: అమెరికా లా స్కూళ్లలాగా పూర్వ విద్యార్థులే అంతా ఇచ్చేయాలి.

వాస్తవం: హార్వర్డ్ లా స్కూల్ 2003–2008 మధ్య 476 మిలియన్ డాలర్లు సేకరించిన మాట నిజమే, కానీ అది 1817లో పుట్టిన సంస్థ. నల్సార్ మొదటి బ్యాచ్ బయటికి వచ్చింది 2003లో. వాళ్లలో చాలామందికి ఇంటి అప్పు తీరలేదు, పిల్లల చదువులు ఇంకా మొదట్లో ఉన్నాయి. న్యూయార్క్ యూనివర్సిటీ లా స్కూల్ అయితే 1947లో ఏకంగా ఒక మాకరోనీ కంపెనీని చేతికి తెచ్చుకుని దాని లాభాలతో ఎదిగింది. ఆ ముచ్చట చూసి అమెరికా కాంగ్రెస్ 1950లో అలాంటి వ్యాపార ఆదాయం మీద పన్ను వేసింది. మనవాళ్లను అడగవలసింది నెలకు వెయ్యి రూపాయల అలవాటు. పెద్ద చెక్కు ఇరవై ఏళ్ల తర్వాతి మాట.

అపోహ: అమెరికాలోని మనవాళ్లు ఎవరు పంపినా తీసుకోవచ్చు, మనవాళ్లే కదా.

వాస్తవం: భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి, 2020 సవరణ తర్వాత సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) ఆడిట్ తప్పనిసరి అయిన చట్టబద్ధ సంస్థలకు మినహాయింపు ఉంది కాబట్టి ప్రతి సంస్థా ముందు తన చట్టం తెరిచి చూసుకోవాలి. డాలస్ నుంచి ఒక వైద్య దంపతులు ఉమ్మడి ఖాతా నుంచి పంపిస్తామన్నారు; భర్తది భారతీయ పాస్‌పోర్టు, భార్యది అమెరికా పౌరసత్వం. ఆయన ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతా నుంచి పంపమని కోరడానికి నాకు మూడు ఉత్తరాలు పట్టాయి.

అపోహ: పెద్ద మొత్తం ఇస్తే ఒక సీటో, ఒక మాటో చెల్లుతుంది.

వాస్తవం: సీటు క్లాట్ ప్రవేశపరీక్ష ర్యాంకుతో వస్తుంది, విరాళంతో రాదు. పేరు మాత్రం పెట్టగలం, అదీ ఆచితూచి. హార్వర్డ్‌లో మొదటి న్యాయశాస్త్ర ఆచార్య పదవి ఐజాక్ రాయల్ వీలునామా సొమ్ముతో ఏర్పడింది. ఆ కుటుంబానికి ఆంటిగ్వాలో బానిసల శ్రమ మీద వచ్చిన సంపద అది. వాళ్ల వంశ చిహ్నంలోని గోధుమ పనలనే లా స్కూల్ తన ముద్రగా వాడుకుని, చివరికి 2016లో తీసేసింది. అందుకే మా ముసాయిదాలో పేరు పెట్టే హక్కుకు పాతికేళ్ల గడువు రాశాను. పాలకమండలి ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ పెడుతున్నాను.