1.4 ఉంటే తాగొచ్చా?

నల్లగొండ వైపు నుంచి ఒక పాఠకుడు తమ బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు ఫొటో పంపారు. ఫ్లోరైడ్ లీటరుకు 1.4 మిల్లీగ్రాములు. పక్కన రెండు గడుల్లో ఒకచోట 1.0, ఇంకోచోట 1.5. "సార్, ఇది పాసా, ఫెయిలా?"

మన భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ తాగునీటికి పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500లోనే ఆ రెండు అంకెలూ ఉన్నాయి. 1.0 దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రం 1.5 దాకా ఓర్చుకోవచ్చు. అంటే ఆ అర మిల్లీగ్రాము గత్యంతరం లేక ఇచ్చిన సడలింపు.

నాకు భలే నచ్చేది ఇలాంటి అంకెల వెనకుండే భాగహారం. 1986లో అమెరికా తన హద్దు ఎలా కట్టిందో చూడండి. మనిషి ఎముకలు బిగుసుకుపోయి అవిటివాడయ్యే మోతాదు రోజుకు 20 మిల్లీగ్రాములు అనుకున్నారు. రోజుకు 2 లీటర్లు తాగుతాడనుకుని 2తో భాగించారు. భద్రత కోసం మళ్లీ 2.5తో. వచ్చింది 4. పళ్ల మీది మచ్చలు అందం సంగతేనని ఆ లెక్కలో కలపలేదు!

ఇంతకీ ఆ 2 లీటర్లు ఎవరు తాగేవి? మే నెలలో ఉపాధి పనికెళ్లి చెరువులో మట్టి తవ్వే మనిషికి రెండు లీటర్ల సీసా పదింటికే ఖాళీ. రోజుకు 5 లీటర్లనుకుందాం. 1.4 చొప్పున 7 మిల్లీగ్రాములు. తిండీ నీళ్లూ అన్నీ కలిపి రోజుకు 6 దాటితే ఎముకలకు ముప్పు పెరగొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ అంటోంది. చాయ్‌లో వచ్చే ఫ్లోరైడ్ నేనింకా కలపనే లేదు. అవే నీళ్లు ఏసీ గదిలో కూర్చుని లీటరున్నర తాగేవాడికి 2.1 మాత్రమే.

ఈ కిటుకు అమెరికావాళ్లకు తెలియక కాదు. పళ్లు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలపడానికి 1962లో వాళ్లు వేసుకున్న పట్టికలో చలి ప్రాంతాలకు 1.2, బాగా వేడి ప్రాంతాలకు 0.7 అని ఉండేది. ఎండ ముదిరితే దాహం ముదురుతుంది కదా. కలపడం వాళ్ల గోల, తీసెయ్యడం మన గోల.

కాచి తాగితే పోతుందని కొందరు పంతుళ్లు కూడా చెబుతుంటారు. ఆవిరైపోయేది నీళ్లే. ఫ్లోరైడ్ గిన్నెలోనే, ఇంకాస్త చిక్కగా మిగులుతుంది.

కాబట్టి, ఊళ్లో భగీరథ నల్లా వస్తుంటే తాగడానికీ వంటకీ అవే పట్టుకోండి. బోరు నీళ్లు స్నానానికీ బట్టలకీ వాడుకోవచ్చు, ఢోకా లేదు. నల్లా రాని రోజుల్లో మాత్రం ఇంట్లో ఎండన పడి పనిచేసేవాళ్లు ఎన్ని లీటర్లు తాగుతున్నారో లెక్కపెట్టి, దాన్ని 1.4తో గుణించి, ఆ 6తో పోల్చి చూడండి.